"బొమ్మ పడింది" అంటే న్యూస్ రీలు కూడా లెక్కేనా?

తెనాలి పాఠకుడు:
సినిమాకి ఆలస్యమైతే మా తాతగారు ఒక మాట అనేవారు, "న్యూసే పడింది, బొమ్మ ఇంకా పడలేదు" అనో, "న్యూస్ పడితే బొమ్మ పడినట్టా" అనో, సరిగ్గా దొరకడం లేదు. నిన్న ఫిలిమ్స్ డివిజన్ వారి పాత వార్తాచిత్రం చూస్తుంటే గుర్తొచ్చింది. తెర మీద మనుషులు కదులుతూనే ఉన్నారు కదా, అది బొమ్మ ఎందుకు కాలేదు?

రీలు పెట్టె:
కోరి చూసేదే బొమ్మ అండీ. న్యూస్ రీలు వెయ్యాలని హాలు లైసెన్సు షరతుల్లోనే ఉండేది. వెయ్యి అడుగుల రీలు, పదకొండు నిమిషాలు, ఆ లోపల జనం సోడాలు తాగి వచ్చేవాళ్లు. టూరింగ్ టాకీసుకి చేరేసరికి ఆ వార్త ఎప్పుడో పాతబడిపోయేది. నేనిప్పుడు వాటిలో నాయకుల్ని చూడను, వెనకాల దుకాణాల బోర్డుల మీద తెలుగు చదువుకుంటాను.

బండి ర అభిమాని:
అసలు సంగతి "పడు" దగ్గర ఉంది. ఎండ పడింది, నీడ పడింది అన్నట్టే బొమ్మ పడింది, అంటే తోలుబొమ్మలాట నీడ. పండితారాధ్య చరిత్రలో పాల్కురికి సోమన బొమ్మలాడించేవాళ్ల గురించి "చీరమఱుగుల" అన్నాడు, చీర అంటే అక్కడ గుడ్డ, మఱుగు అంటే చాటు. అది మఱుగు, బండి ఱ! మామూలు ర వేస్తే నీళ్లు మరిగినట్టవుతుంది. ఈమధ్య అచ్చేసిన పుస్తకాల్లో ర వేసేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కర్నూలు కబుర్లు:
ఱ సంగతి ఒప్పుకుంటాను గానీ నీడ సంగతి ఒప్పుకోను. "ఫొటోలో బాగా పడ్డావు" అంటాం, "అచ్చు పడింది", "ముద్ర పడింది" అంటాం. ఇది ముద్ర పడటమే. నీడే అయితే న్యూస్ రీలుదీ నీడే కదా, దాన్నెందుకు వదిలేశారు?

బండి ర అభిమాని:
మఱుగులో ఉన్నది ఆడించేవాడు, గుడ్డ మీద కనపడేది నీడ. సోమన ఒక్క సమాసంలో ఆ రెండూ పెట్టాడు. ద్విపదలో అంత ఇరుకు చోట ఊరి జాతరంతా చూపించగలిగినవాడు ఆయనకు ముందు లేడు, తర్వాతా లేడు. అదే కావ్యంలో పర్వత ప్రకరణం ఒకసారి పైకి చదవండి, తెలుస్తుంది.

రీలు పెట్టె:
మరి "తెర పడింది" అంటే అయిపోయినట్టు, "బొమ్మ పడింది" అంటే మొదలైనట్టు. నీడైనా ముద్రైనా, ఒకే క్రియ రెండు దిక్కులకీ ఎలా పోయింది?

కర్నూలు కబుర్లు:
తెర పైనుంచి కిందికి పడుతుంది, బొమ్మ తెర మీద పడుతుంది. విభక్తి వేరు.

తెనాలి పాఠకుడు:
ఇప్పుడే అమ్మని అడిగాను. తాతగారు "పడలేదు" అనలేదట, "బొమ్మ ఇంకా వెయ్యలేదు" అనేవారట. మా పిన్ని మాత్రం "పడలేదు" అనే అంటోంది.