పారిపోయిన నాజీని ‘కాందిశీకుడు’ అనవచ్చా?

ప్రశ్న

అమెరికాలో దాగిన నాజీలను 1977లో వెంటాడే కథ ‘హంటర్స్’. ఇలాంటి ధారావాహికల్లో పదే పదే వినబడే ‘ఫ్యుజిటివ్ నాజీ వార్ క్రిమినల్’ అన్న మాటకు తెలుగు సబ్‌టైటిల్‌లో ఏం రాయాలి? ‘కాందిశీకుడు’ అంటే నిఘంటువుల్లో భయంతో పారిపోయినవాడనే అర్థం ఉంది. ఒక్క మాటలో తేలిపోతుంది కదా. అలాగే ‘నాజీ హంటర్’కి ‘నాజీ వేటగాడు’ అంటే చాలా?

జవాబు

వ్యుత్పత్తి వరకు మీరన్నది నిజమే. ‘కాం దిశం’, అంటే ఏ దిక్కుకు పోను అనుకుంటూ పరుగెత్తేవాడు. ‘కాందిశీకో భయద్రుతః’ అని అమరం. తప్పు చేసి పారిపోతున్నాడా, చేయకుండానా అన్న సంగతి ఆ మాటలో లేదు. కానీ తెలుగు వాడుక దాన్ని ఎప్పుడో బాధితుల వైపు చేర్చేసింది. యుద్ధకాలంలో బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్లు బర్మా కాందిశీకులు. ఆ మాట వినగానే మనకు జాలి కలుగుతుంది. నాజీల నుంచి పారిపోయిన యూదులు కాందిశీకులు. వాళ్లను మరణ శిబిరాలకు చేర్చే రైళ్లను ఏర్పాటు చేసిన ఐఖ్‌మన్‌నూ అదే మాటతో పిలిస్తే సన్నివేశమే తలకిందులవుతుంది.

ఇంకో పెద్ద చిక్కుంది. యుద్ధం ముగిశాక నిర్వాసితుల శిబిరాల్లో లక్షల మంది ఉండేవారు. కొందరు నేరస్థులు తామూ కాందిశీకులమేనని చెప్పుకుని ఆ జనంలో కలిసిపోయారు. నిర్వాసితుల కోసం అమెరికా 1948లో చేసిన చట్టం కిందే వీసా సంపాదించారు. ట్రెబ్లింకా మరణ శిబిరంలో కాపలా కాసిన ఫెడొరెంకో 1949లో అలాగే వచ్చాడు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు అతని పౌరసత్వం చెల్లదన్నది కూడా వీసా కాగితాల్లో చెప్పిన అబద్ధం వల్లే. ఇలాంటి కథలో ‘నేను కాందిశీకుణ్ణి’ అన్నదే వాడి అబద్ధం. ఆ డైలాగ్ కోసమైనా ఈ మాటను దాచిపెట్టుకోవాలి. మిగతా చోట్ల వాడేస్తే అక్కడ దానికి బలం ఉండదు.

జవాబు

‘పరారీలో ఉన్న నాజీ యుద్ధ నేరస్థుడు’ నిక్షేపంగా సరిపోతుంది. పోలీసు భాష, పత్రికల భాష అదే. చోటు చాలకపోతే ‘పరారీ నాజీ’ అనండి. అయితే అందరికీ పరారీ నప్పదు. ట్రెబ్లింకా శిబిరాధిపతి ఫ్రాంజ్ స్టాంగల్ 1948లో ఆస్ట్రియాలోని లింజ్ జైలు నుంచి తప్పించుకున్నాడు, అది పరారీయే. నాజీ శిబిరాల్లో కాపలాదారుగా పనిచేసిన హెర్మీన్ బ్రాన్‌స్టైనర్ సంగతి వేరు. ఆమె ఆస్ట్రియాలో ఒకసారి జైలుశిక్ష అనుభవించి, అమెరికన్‌ను పెళ్లాడి న్యూయార్క్ క్వీన్స్‌లో కాపురం చేసింది. ఆమెను ‘గతం దాచిన’ అనాలి.

‘అజ్ఞాతవాసం’ మాత్రం వద్దు. మారుపేరు, చిన్న కొలువు, బయటపడతామన్న భయం అన్నీ ఐఖ్‌మన్ అర్జెంటీనా జీవితంలో ఉన్నాయి. కానీ మన చెవికి ఆ మాటతో విరాటుడి కొలువు, పాండవులు వచ్చేస్తారు. ‘తలదాచుకున్నాడు’ కూడా అంతే, ఆశ్రయం దొరికిన నిర్భాగ్యుడి మాట అది. ‘మారుపేరుతో నక్కి ఉన్నాడు’ అంటే భావం తిన్నగా ఉంటుంది.

జవాబు

‘నాజీ వేటగాడు’ తప్పు దారి పట్టిస్తుంది. నాజీ అధికారి, నాజీ సైనికుడు వరసలో చదివితే వేటాడేవాడే నాజీ అవుతాడు. చేపల వేట, జింకల వేట అన్నట్టు ఇక్కడా షష్ఠి కనబడాలి: ‘నాజీల వేటగాడు’. ఒక్క ‘ల’తో అర్థం నిలబడుతుంది.

తుపాకులు పట్టిన పాత్రలకు వేట సరే. సైమన్ వీసెంతాల్ గురించిన ప్రస్తావన వస్తే ‘ఆచూకీ తీసేవాడు’ నయం. సాక్షుల వాంగ్మూలాలు సేకరించడం, పేర్లూ చిరునామాలూ పోల్చడం, ప్రభుత్వాలకు ఉత్తరాలు రాయడం ఆయన పని. ఐఖ్‌మన్ జాడ ఇజ్రాయెల్‌కు చెప్పింది కూడా ఒక జర్మన్ న్యాయాధికారి, హెస్సె రాష్ట్ర ప్రధాన ప్రాసిక్యూటర్ ఫ్రిట్జ్ బవర్. సొంత దేశపు యంత్రాంగాన్ని నమ్మలేక చెప్పాడు.

జవాబు

ఎక్కువ తప్పులు దొర్లేది ‘పంపేశారు’ దగ్గర. నాలుగు వేర్వేరు చర్యలు ఈ ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఒక దేశం అడిగితే, విచారణ కోసం ఇంకో దేశం ఇవ్వడం ‘అప్పగింత’. 1973లో బ్రాన్‌స్టైనర్‌ను అమెరికా పశ్చిమ జర్మనీకి అప్పగించింది. ‘మా దేశంలో ఉండొద్దు’ అని వెళ్లగొట్టడం ‘బహిష్కరణ’. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో గెస్టాపో (నాజీ రహస్య పోలీసు) అధిపతిగా ఉన్న క్లాస్ బార్బీని అప్పగించడానికి బొలీవియా సుప్రీంకోర్టు 1974లో ఒప్పుకోలేదు. 1983లో కొత్త ప్రభుత్వం అతన్ని బహిష్కరించింది, అలా ఫ్రాన్స్ చేతికి చిక్కాడు. ‘పౌరసత్వ రద్దు’ బహిష్కరణకు ముందు మెట్టు. సొంత పౌరుణ్ణి బహిష్కరించడం కుదరదు కాబట్టి అమెరికాలో ముందు అది జరగాలి. ఇక 1960 మే 11న బ్యూనస్ ఎయిరిస్ శివార్లలో ఐఖ్‌మన్‌ను ఇజ్రాయెల్ గూఢచారులు పట్టుకోవడం ‘అపహరణ’. ఆ మాట రాయడానికి జంకవద్దు. భద్రతా మండలిలో అర్జెంటీనా ఫిర్యాదు చేసింది దాని మీదే.

మరణ శిబిరంలో కాపలా కాశాడన్న ఆరోపణ మీద అమెరికా నుంచి పంపిన దెమ్యాన్యుక్ కథ వస్తే మరీ జాగ్రత్త: 1986లో ఇజ్రాయెల్‌కు అప్పగింత, 2009లో జర్మనీకి బహిష్కరణ. మధ్యలో 1993లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది కూడా. 2011లో మ్యూనిక్ కోర్టు శిక్ష వేసినా, అప్పీలు తేలకముందే 2012లో చనిపోయాడు కాబట్టి ‘దోషి’ అని ఖాయంగా రాయకూడదు.

జవాబు

‘స్టాట్యూట్ ఆఫ్ లిమిటేషన్స్’కి ‘పరిమితుల శాసనం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే ఏమంటాం? కాలదోషం పట్టిందంటాం. అదే మాట ఇక్కడ వాడండి: ‘ఈ నేరానికి కాలదోషం పట్టింది’. గ్యాస్ వ్యాన్ల రూపకర్త వాల్టర్ రౌఫ్‌ను అప్పగించనని చిలీ సుప్రీంకోర్టు 1963లో చెప్పడానికి కారణం ఇదే.

పశ్చిమ జర్మనీలో హత్యకు గడువు 20 ఏళ్లు. 1965లో ముగియాల్సింది. లెక్క మొదలయ్యే తేదీని పార్లమెంటు 1949 చివరికి జరిపింది, 1969లో గడువును 30 ఏళ్లు చేసింది, 1979లో పూర్తిగా ఎత్తేసింది. హత్య కిందికి రాని నరహత్యకు మాత్రం 1960లోనే కాలదోషం పట్టింది. అందుకని కోర్టు సన్నివేశంలో ‘చంపాడు’ అని పొడిగా రాస్తే వాదనే పోతుంది. లాయర్లు కొట్లాడుకునేది అది ‘హత్య’ అవునా కాదా అనే.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది. ‘హోలోకాస్ట్’కి మారణహోమం అనొచ్చా? ఇంగ్లీషు ‘హి’కి వాడు, అతను, ఆయనల్లో ఏది?

జవాబు

హోలోకాస్ట్ గ్రీకు మూలంలోనే పూర్తిగా దహనమైన బలి. యూదుల్లో చాలామంది ‘షోవా’ (హీబ్రూలో మహా విపత్తు) అనడానికి కారణం అది: జరిగింది బలి కాదు. మన మారణహోమం, నరమేధం రెంట్లోనూ యజ్ఞం ఉంది. పేరుగా ‘హోలోకాస్ట్’ ఉంచి, వివరించేటప్పుడు ‘యూదుల సామూహిక సంహారం’ అనండి. ‘జాతి హననం’ జెనోసైడ్‌కి వదలండి. అది 1944లో న్యాయవాది రఫాయెల్ లెమ్‌కిన్ కల్పించిన మాట. నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణ అభియోగపత్రంలో ఉంది కానీ 1946 తీర్పులో లేదు. కాబట్టి ఆ తీర్పు సన్నివేశంలో పెట్టకండి.

‘హి’ సంగతి ఇంకా ముఖ్యం. ప్రాణాలతో బయటపడినవాళ్లు ‘వాడు’ అంటారు, న్యాయమూర్తి ‘నిందితుడు’, భార్య ‘ఆయన’, కథనం ‘అతను’. పక్కింటావిడ మొదట్లో ‘ఆయన’ అని, నిజం తెలిశాక ‘వాడు’ అనాలి. ఆ మార్పు సరిగ్గా తెలిసిన క్షణాన రావాలి, ముందు వస్తే గుట్టు బయటపడుతుంది. ఎపిసోడ్లు వేర్వేరు అనువాదకుల చేతికి వెళ్లినప్పుడు చెడిపోయేది ఇదే. పదాల పట్టికతోపాటు, ఎవరు ఎవరిని ఏ ఎపిసోడ్ వరకు ఏమని పిలుస్తారో ఇంకో పట్టిక అందరికీ ముందే ఇవ్వండి.