ఆన్‌లైన్ బ్యాకప్‌తో పాటు ఏయే ఆర్కైవ్ లాగ్‌లు తీసుకోవాలి?

ప్రశ్న (చీమకుర్తి):
మా గ్రానైట్ క్వారీ బ్లాకుల కొలతలు, లారీ తూకాలు, ఎగుమతి బిల్లులు అన్నీ ఒరాకిల్ 19సీ డేటాబేసులో ఉన్నాయి. ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ సొంత బ్యాకప్ సాధనం) ఆన్‌లైన్ బ్యాకప్, అంటే డేటాబేసు నడుస్తుండగానే తీసేది, రాత్రి 11 గంటలకు మొదలై రెండింటికి ముగుస్తుంది. ఉదయం అకౌంటెంటు గారు ఆ డిస్కును క్యారేజీ సంచిలో పెట్టుకుని ఒంగోలు ఆఫీసుకు బస్సులో తీసుకువెళ్తారు. డిస్కు చిన్నది కావడంతో, 11 గంటల తర్వాతి తేదీ, సమయం ఉన్న ఆర్కైవ్ లాగ్ ఫైళ్లను (డేటాబేసు మార్పుల చిట్టాల కాపీలను) మాత్రమే, బ్యాకప్ ముగియగానే అందులోకి కాపీ చేస్తున్నాను. పోయిన వారం వేరే యంత్రంలో తెరవబోతే, సిస్టమ్ ఫైలుకు ఇంకా రికవరీ కావాలంటూ ఓఆర్‌ఏ-01194 వచ్చింది. ఏ లాగ్ తక్కువైనట్టు?

జవాబు (నెల్లూరు):
చివరిది తక్కువైందండి. బ్యాకప్ జరుగుతున్నంతసేపూ బ్లాకులు మారుతూనే ఉంటాయి కనుక ఒక్కో ఫైలు ఒక్కో క్షణానిదై ఉంటుంది. వాటన్నిటినీ ఒకే క్షణానికి తెచ్చేది, మొదలు నుంచి ముగింపు దాకా ఉన్న రీడూ (లాగ్‌లలో రాసుకున్న మార్పుల చిట్టా) మాత్రమే. తెల్లవారుజామున రెండింటికి మీ కాటాలో లారీలు ఉండవు కాబట్టి నడుస్తున్న లాగ్ నిండదు, నిండనిది ఆర్కైవ్ కాదు, కాపీ చేసే వేళకు ఫోల్డరులోనే ఉండదు. బ్యాకప్ ముగిసిన వెంటనే ‘ఆల్టర్ సిస్టమ్ ఆర్కైవ్ లాగ్ కరెంట్’ (నడుస్తున్న లాగ్‌ను మూసి ఆర్కైవ్ చేసి, కొత్తదానికి మార్చే ఆదేశం) ఇచ్చి, ఆ తర్వాతే కాపీ చేయండి. ఇక మొదటి లాగ్‌ను గడియారం చూసి ఎంచుకోవద్దు. వీ$బ్యాకప్_డేటాఫైల్ అనే ఒరాకిల్ పట్టికలో ఆ రాత్రి బ్యాకప్‌కు చెందిన ఫైళ్లన్నిటిలోకీ అతి తక్కువ చెక్‌పాయింట్ ఎస్‌సీఎన్ (మార్పులకు ఒరాకిల్ ఇచ్చే వరుస సంఖ్య) ఏ లాగ్‌లో పడిందో అక్కడి నుంచి తీసుకోవాలి.

జవాబు (కావలి):
ఇంత లెక్క చేతితో ఎందుకండీ? ‘బ్యాకప్ డేటాబేస్ ప్లస్ ఆర్కైవ్‌లాగ్’ అంటే ముందొకసారి, వెనుకొకసారి లాగ్ మార్పు తనే చేసుకుంటుంది. కాకపోతే సర్వరులో పడి ఉన్న పాత లాగ్‌లన్నిటినీ కూడా మోసుకొస్తుంది, మీ చిన్న డిస్కుకు అదే చిక్కు. ‘నాట్ బ్యాక్డ్ అప్ 1 టైమ్స్’ (ఇంతవరకు ఒక్కసారీ బ్యాకప్ కాని లాగ్‌లే) పెడితే పరిమాణం తగ్గుతుంది. ఒంగోలు డిస్కు ఒక్కటే స్వయంగా తెరుచుకోవాలంటే మాత్రం, ‘కీప్’ బ్యాకప్‌ను (విడిగా దాచుకునే బ్యాకప్) రిస్టోర్ పాయింట్‌తో (ఒక క్షణానికి పెట్టే పేరు) కలిపి వాడండి. అది అవసరమైనంత మేరకే లాగ్‌లను చేరుస్తుంది.

జవాబు (నెల్లూరు):
కీప్ మంచి సలహానే. అయితే ఆ కనీస లాగ్‌లు బ్యాకప్ ముగిసిన క్షణం దాకానే పనికివస్తాయి. మధ్యాహ్నం డేటాబేసు పాడైతే ఉదయపు తూకాలు తిరిగి రావాలంటే ఆ తర్వాతి లాగ్‌లూ ఉండాలి కనుక, డిస్కు ఒంగోలు చేరిందని సర్వరులోని లాగ్‌లను చెరిపేయకండి.

ప్రశ్నించినవారు:
నిన్న రాత్రి లాగ్ మార్చాక కాపీ చేశాను. అదనంగా వచ్చింది ఒక్క ఫైలే. ‘రిస్టోర్ డేటాబేస్ ప్రివ్యూ’ (రిస్టోర్‌కు ఏమేం కావాలో ముందే చూపే ఆదేశం) చూపిన చివరి ఎస్‌సీఎన్ దానిలోనే ఉంది. ఈ ఉదయం వేరే యంత్రంలో డేటాబేసు తెరుచుకుంది.