స్టేజ్ 1 రీమ్యాప్ తర్వాత 95 ఆక్టేన్ పెట్రోల్ చాలదా?

విజయవాడ_టీఎస్ఐ: నాది 2021 పోలో 1.0 టీఎస్ఐ. నెల కిందట స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఫైలు మార్చి పవర్ పెంచడం) చేయించా. ట్యూనర్ "93 ఆక్టేన్ ఫైలు వేశాను, 95 కొట్టిస్తే దర్జాగా తిరుగు" అన్నాడు. పొద్దున పూట సూపర్‌గా లాగుతోంది. మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసుకుని నలుగురం కూర్చున్నాక మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే మాత్రం డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఒక్క క్షణం చప్పుడు, ఆ తర్వాత బండి నీరసపడిపోతోంది. 93కి 95 ఎక్కువే కదా, మరి ఇదేంటి? ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోల్) రేటు చూస్తే ట్యాంకు నింపాలంటే భయమేస్తోంది.

గేర్_గోపి: 100 కొట్టించు బ్రో, పవర్ కూడా పెరుగుద్ది.

డాలస్_డ్రైవర్: ఆ 93 ఏ లెక్కలో 93 అని ముందు అడగండి. మా దగ్గర బంకు మీద 87, 89, 93 అని ఉంటాయి, అది ఆక్టేన్ కొలిచే రెండు పద్ధతులు ఆర్ఓఎన్, ఎంఓఎన్‌ల సగటు. ఇండియాలో చెప్పేది ఒక్క ఆర్ఓఎన్. అంటే ఇక్కడి 93 మీ లెక్కలో ఇంచుమించు 98. ఫైలు పేరు అమెరికా లెక్కలో పెట్టుంటే మీ 95 ఎక్కువ కాదు, మూడు పాయింట్లు తక్కువ. నేను ఇటు వచ్చిన కొత్తలో దీనికే రివర్స్‌లో బోల్తా పడ్డా, 87 చూసి "ఇంత నాసిరకం పెట్రోలా" అనుకున్నా.

పాత_మెకానిక్: గోపీ, ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోల్లో శక్తి ఎక్కువని కాదు తమ్ముడూ. ఒత్తిడికీ వేడికీ దానంతటది అంటుకోకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పే నంబర్ అది. స్టాక్ (ట్యూన్ చేయని) బండికి 95 చాలంటే 100 పోయడం డబ్బు దండగ. ట్యూన్ చేసిన టర్బో సంగతి వేరు, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచి, స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపి ఉంటారు, దానికితోడు ఎండకి లోపలికి వెళ్లే గాలే సలసలా కాగుతుంటుంది. పెట్రోల్ అలా దానంతటది అంటుకుంటే వచ్చే గులకరాళ్ల చప్పుడే నాక్. నాక్ సెన్సర్ ఆ చప్పుడు పట్టగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, నీ బండి నీరసం అదే. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపించేది) పెట్టి మూడో గేర్‌లో లాగ్ తీయి, ఒక్కో సిలిండర్‌కి టైమింగ్ ఎంత తగ్గిస్తోందో, గాలి వేడెంతో చూడు. అదయ్యేవరకూ తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్ వేసి తొక్కకు, చిన్న టర్బోలకి పిస్టన్ పగిలేది ఎక్కువగా అక్కడే. ఆక్టేన్ బూస్టర్ సీసాలు కొనకు, డబ్బా మీద "3 పాయింట్లు" అంటే చాలాసార్లు 0.3 అని అర్థం.

విజయవాడ_టీఎస్ఐ: ట్యూనర్‌కి ఫోన్ చేశా. అమెరికా లెక్కే అంట! తీరిగ్గా "అవును, 98 కావాలి" అంటున్నాడు, ముందే చెప్తే నోరు అరిగిపోతుందేమో. సగం 95, సగం 100 కలిపితే నడుస్తుందా?

పాత_మెకానిక్: దాదాపు 97.5 వస్తుంది, అదీ నువ్వు సరిగ్గా కొలిచి పోయిస్తే. ఊరు దాటాక 100 దొరక్కపోతే ఏం చేస్తావు? 95 ఆర్ఓఎన్‌కి ఫైలు మార్పించుకో, నాలుగు గుర్రాలు (హార్స్‌పవర్) తగ్గితే తగ్గుతాయి.

విజయవాడ_టీఎస్ఐ: ఆదివారం వెళ్తున్నా అన్నా. అప్పటిదాకా స్టాక్ ఫైలే. లాగ్ ఇక్కడే పెడతా.