ఇంట్లో పెద్ద పిల్లి ఉండగా అనాథ కూనలను సాకవచ్చా?

నిలువ నీడ లేని పిల్లులను దత్తత కుదిరేదాకా ఇంట్లో ఉంచుకొని సాకే స్వచ్ఛంద సేవలో చేరాలని నిశ్చయించుకున్నాను. తల్లి లేని మూడు కూనలను, సుమారు 5 వారాల వయసున్నవాటిని, వచ్చే వారం నాకు అప్పగిస్తామంటున్నారు. అయితే మా ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లి ఒకటి ఉంది. దానికి టీకాలన్నీ సకాలంలో వేయించాను గాని, కొత్తవారంటే దానికి బొత్తిగా గిట్టదు.

కొత్త కూనలను కనీసం 2 వారాలు విడిగా ఉంచాలనీ, పిల్లులకు సోకే ప్రాణాంతకమైన పాన్‌ల్యుకోపీనియా వైరస్ నేలమీదా వస్తువులమీదా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదిదాకా కూడా నిలిచి ఉంటుందనీ చదివాను. నాకు అదనపు గది లేదు, ఎవరూ వాడని స్నానాల గది మాత్రం ఉంది. వాటి గిన్నెలు, మలవిసర్జన తొట్టి వేరుగా ఉంచి, లోపలికి వెళ్లివచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కొని బట్టలు, చెప్పులు మార్చుకుంటే సరిపోతుందా? కూనలకు మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకొకసారి మళ్లీ పడాలి కాబట్టి, ఎడంగా ఉంచే గడువును 2 వారాలతో ముగించడం తొందరపాటేమోననిపిస్తోంది. మీరు ఎన్నాళ్లు ఉంచారు? పిల్లి నుంచి పిల్లికి సోకే లుకేమియా వైరస్ కూనల్లో ఉందేమో చూసే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగారా?

కూనలను తిరిగి ఇచ్చే రోజు గురించి ఇప్పుడే అడగను. ఆ బెంగ ఎలాగూ తప్పదు. ఇలాంటి ఇరుకు ఇంట్లో సాకిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.