ఈటా అక్విలే వెలుగు కొలతలో పొగమంచు దోషం: ఎలా సవరించాలి?

కోనసీమలో విద్యార్థుల చేత గరుడ మండలంలోని ఈటా అక్విలే అనే సెఫీడ్ (క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గే చుక్క) కాంతివక్రం, అంటే రోజుల వెంట వెలుగు మార్పు గీత, గీయిస్తున్నాం. ఆవర్తనం 7.177 రోజులు, ప్రకాశ పరిమాణం (అంకె పెరిగితే వెలుగు తక్కువ) సుమారు 3.5 నుంచి 4.3. డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ఎఫ్/2.8, ఐఎస్ఓ 400, ఫోకస్ కాస్త చెదరగొట్టి 8 సెకన్ల ఫొటోలు పది. రా ఫైళ్లలో (కెమెరా సవరించకుండా ఇచ్చేవి) పచ్చ చానల్ మాత్రమే కొలుస్తాం.

చిక్కంతా గాలితోనే. కార్తీకంలో రాత్రి ఎనిమిదిన్నర దాటితే చుక్క 25 డిగ్రీలకు దిగుతుంది, వాయురాశి (చుక్క వెలుగు దాటి వచ్చే గాలి మందం, నడినెత్తిన 1) 2.4. అప్పుడు పోలికకు వాడే చుక్క, అదే మండలంలోని థీటా, 29 డిగ్రీల మీద ఉంటుంది, అక్కడ 2.1. కాలువల మీద తేమ పట్టిన రాత్రి ఒక్కో వాయురాశికి 0.4 పరిమాణం చొప్పున వెలుగు తగ్గుతుందనుకుంటే, ఈ తేడా ఒక్కటే 0.12 అవుతుంది. మొత్తం మార్పే 0.8 అయినప్పుడు ఇది చిన్నది కాదు. కాంతివక్రం దిగే వైపు ఉండే చిన్న బొడిపె ఇందులోనే మునిగిపోతుంది.

శ్రవణం మూడు చుక్కల్లో దక్షిణపుది, బీటా, రంగులో ఈటాకు దగ్గరగా ఉంటుంది. దాన్నొక్కదాన్నే పోలికకు వాడినా 0.07 దోషం మిగులుతుంది. థీటా నీలి తెలుపు కాబట్టి పచ్చ చానల్‌కు రంగు సవరణ కావాలి.

ఏ రాత్రికా రాత్రి థీటా, బీటా, డెల్టాలతో (ఇదీ అదే మండలంలోని చుక్కే) గీత అమర్చి క్షీణతను, అంటే గాలి వల్ల తగ్గే వెలుగును, తీయొచ్చా? శూన్యబిందువు (కెమెరా కొలతను ప్రకాశ పరిమాణంగా మార్చే స్థిరాంకం), క్షీణత, రంగు గుణకం (చుక్క రంగును బట్టి చేసే సవరణ): తెలియనివి మూడు, చుక్కలూ మూడే. రంగు గుణకాన్ని నడినెత్తి చుక్కలతో ముందే తేల్చి స్థిరంగా ఉంచడం మేలనిపిస్తోంది. అలా చేసినవారున్నారా? అందుకు ఏ చుక్కలు తీసుకున్నారు?

లెన్సు మీద మంచు పట్టకుండా ఏం వాడుతున్నారో కూడా చెప్పండి. సగంలో మసకబారితే ఆ వరసంతా పారేయాల్సి వస్తోంది.