ఫ్రీలాన్స్ షూటింగ్ పని, ఐదు నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల: ఎట్లా సర్దుకోవాలి?

ఒంగోలు_క్యాండిడ్:
పెళ్లిళ్లకు వీడియో తీస్తాను, ఫ్రీలాన్స్. స్టూడియోల వాళ్లు ఒక్కోసారి ముందురోజు రాత్రి ఫోన్ చేసి తెల్లారేసరికి కందుకూరులో ఉండమంటారు. ఆ తర్వాత పది రోజులు ఎడిటింగ్‌తో ఇంట్లోనే. ల్యాబ్ పిల్ల, మగది, సుమారు 18 కిలోలు, టీకాలు అయ్యాయి. మేడమీద వాటాలో ఒక్కడినే ఉంటాను. కింద ఓనర్ వాళ్లు మంచోళ్లే గానీ కుక్క దగ్గరికి రారు. షూటింగ్ అంటే పన్నెండు, పద్నాలుగు గంటలు పోతుంది. ఎంతసేపు వదలొచ్చు? తిండి ఎట్లా? ఎవరికైనా ఇచ్చేయమని మాత్రం చెప్పొద్దన్నా.

నెల్లూరు_పెట్స్:
పన్నెండు గంటలు కుదరదు. ఈ వయసు పిల్ల పగలు ఐదారు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలు పైహద్దు, అదీ మోటు లెక్కే. పెద్దదయ్యాక కూడా ఎనిమిది దాటనివ్వొద్దు. కాబట్టి షూటింగ్ రోజు నాలుగైదు గంటలకొకసారి మనిషి రావాల్సిందే.

షూటింగ్ రోజు అది ఎట్లా ఉంటుందనేది మీరు ఇంట్లో ఉన్న పది రోజుల్లోనే తేలిపోతుంది. ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని, పదకొండో రోజు హఠాత్తుగా మాయమైతే తలుపులు గీకుతుంది, వైర్లు కొరుకుతుంది, అరిచి వీధిని లేపుతుంది. అది పొగరు కాదు, భయం. అందుకే పని లేని రోజుల్లో కూడా పూటకో గంట వేరే గదిలో ఒంటరిగా ఉంచండి. మొదట ఒక నిమిషం, తర్వాత ఐదు, పదిహేను, అరగంట. అరుపు మొదలైతే సమయం పెంచొద్దు, అంతకుముందు ప్రశాంతంగా ఉన్న మెట్టుకు వెనక్కి రండి. కెమెరా బ్యాగు భుజాన వేసుకోండి, బూట్లు తొడుక్కోండి, మళ్లీ కూర్చుని ఎడిటింగ్ చేసుకోండి. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేస్తే బ్యాగు కనిపించగానే గాబరా పడడం తగ్గుతుంది. వెళ్లేటప్పుడు ముద్దులు, బుజ్జగింపులు వద్దు.

కావలి_లెన్స్:
ఆర్డర్ల వైపు నుంచి చూద్దాం. మనది అనుకున్నంత అయోమయం పని కాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం ఉన్న రోజులు పోగా పెళ్లి ముహూర్తాలు పంచాంగంలోనే ఉంటాయి. ఏడాది పంచాంగం కొని ముహూర్తం ఉన్న ప్రతి తేదీకి మనిషిని ముందే మాట్లాడిపెట్టుకోండి. ఆర్డర్ రాకపోతే రావద్దని చెప్పినా సగం డబ్బులివ్వండి. అప్పుడే వచ్చే నెల కూడా ఆ మనిషి మీకోసం ఖాళీ ఉంచుతారు. స్టూడియోకు రేటు చెప్పేటప్పుడు ఈ ఖర్చును ప్రయాణ ఖర్చులో కలిపే చెప్పండి. రాత్రికి రాత్రి వచ్చే ఫోన్‌కు మాత్రం, మనిషి ఖాయమయ్యాకే సరే అనాలి. ముందు ఒప్పుకుని తర్వాత వెతకడం మొదలెడితే నష్టపోయేది కుక్కే.

ఒంగోలు_క్యాండిడ్:
పంచాంగం ఆలోచన బాగుంది. దగ్గరి ఊరైతే కారులో వెంట తీసుకుపోవచ్చా? కల్యాణమండపం బయట కట్టేస్తే?

నెల్లూరు_పెట్స్:
రెండూ వద్దు. అద్దాలు ఎక్కించి ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కాస్త దించినా తేడా రాదు. మండపం బయటేమో బాజాలు, బాణసంచా, విస్తరాకుల్లో ఎముకలు. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఆ సందర్భంలోనే ఇంకొకటి. ఫంక్షన్ నుంచి పార్శిల్ తెచ్చి పెట్టే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. బిర్యానీలో ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో ఎండుద్రాక్ష మూత్రపిండాలకు ప్రమాదం, కొన్ని పలుకులతోనే మీదికి రావచ్చు.

తిండి ఆరు నెలలొచ్చేదాకా రోజుకు మూడు పూటలు, తర్వాత రెండు. వేళలు మీ షూటింగ్‌ను బట్టి మార్చకండి. తిన్న పావుగంట, అరగంటకు విసర్జనకు పోతుంది కాబట్టి బయల్దేరడానికి గంట ముందు పెట్టి, తిప్పి, అప్పుడు తలుపేయండి. తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాల్సొస్తే తిండి పెట్టొద్దు, మూత్రానికి మాత్రం తిప్పండి. మొదటి పూట వచ్చే మనిషే పెడతారు. ఎండాకాలం పెరుగన్నం గిన్నెలో వదిలిపోకండి, పులిసి విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు ఈ బరువుకు రోజుకు లీటరు దాకా కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒకటి బోర్లించినా ఇంకొకటి మిగిలేలా రెండు బరువైన గిన్నెలు పెట్టండి.

మేడమీద వాటా అన్నారు, నాకు భయమంతా అక్కడే. రోహిణీ కార్తెలో మన జిల్లాల్లో స్లాబు రాత్రి దాకా సెగ కక్కుతుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, మూసిన గది పొయ్యి అవుతుంది. ఇన్వర్టర్ లేకపోతే మే నెలలో ఆ గదిలో వదలొద్దు. కింద వరండాలో నీడపట్టున ఉంచనిస్తారేమో ఓనర్‌ను అడగండి. రొప్పుడు ఆగకపోవడం, చొంగ కారడం, చిగుళ్లు ఎర్రబడడం, తూలడం వడదెబ్బ గుర్తులు. మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాను కింద ఉంచి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. మన పారాసిటమాల్ మాత్రం వేయొద్దు.

లాయర్‌పేట_రీడర్:
మనిషి విషయం. ఒకరు చాలరు, ఇద్దరుండాలి. పెళ్లిళ్ల రోజునే వాళ్లింట్లోనూ పెళ్లి ఉంటుంది మరి. మీరు ఇంట్లో ఉండగానే డబ్బులిచ్చి రెండు మూడు సార్లు రప్పించండి. వాళ్ల చేత తిండి పెట్టించండి, హార్నెస్ (ఛాతీకి తగిలించే పట్టీ) తొడిగించండి, బయట తిప్పించండి. తలుపు తీసినప్పుడు మెట్ల మీదికి దూకి పారిపోవడం ఎక్కువగా జరుగుతుంది. తలుపు కొంచెమే తెరిచి ముందు హార్నెస్ తగిలించాలని చూపించండి. కప్పుతో తిండి కొలత, డాక్టర్ ఫోన్ నంబరు, టీకా కార్డు ఫొటో గోడకు అంటించండి. మీ ఫోన్ షూటింగ్‌లో సైలెంట్‌లో ఉంటుంది కాబట్టి, మీకు దొరక్కపోయినా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవచ్చని రాసి, అందుకు కొంత డబ్బు వాళ్ల దగ్గరే ఉంచండి.

రెండు రోజుల పెళ్లయితే బోర్డింగే మేలు, అంటే డబ్బులు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోటు. రేబీస్, డీహెచ్‌పీపీ (డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా) కార్డు అడగని చోట వదలకండి, అక్కడున్న మిగతా కుక్కల కార్డులూ చూసి ఉండరు. కెన్నెల్ కాఫ్ (కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే దగ్గు) టీకా వేయించాలంటే సీజన్‌కు రెండు వారాల ముందే అయిపోవాలి, ముందురోజు వేయిస్తే పనిచేయదు.