కోర్టు ఆర్డరు అమలు చేసినందుకు అమీనా మీద కేసు వేయొచ్చా?

మా బావ కావలి దగ్గర కోర్టు అమీనా, అంటే కోర్టు వారెంట్లు, ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి. నిన్న జప్తు వారెంటుతో వెళ్లి ఒకాయన బైకు స్వాధీనం చేసుకుని, పంచనామా మీద సంతకం పెట్టమంటే ఆయన పెన్ను విసిరికొట్టి, ఆ కోర్టుకు అధికారమే లేదు, నీ మీదే కేసు పెడతా అన్నాడంట. అక్క రాత్రంతా నిద్రపోలేదు.

— టెన్షన్ వద్దు అబ్బాయా. 1850 నాటి న్యాయాధికారుల రక్షణ చట్టం ఉందిగా, వారెంటు అమలు చేయాల్సిన ఉద్యోగి మీద అందుకోసం సివిల్ దావా నడవదు. క్రిమినల్‌కైతే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 16, పాత ఐపీసీ 78 అన్నమాట. కోర్టుకు అధికారం లేదని తర్వాత తేలినా, ఉందని నిజాయితీగా నమ్మి చేస్తే నేరం కాదు.

— అప్పటికి ఆర్డరు అమల్లో ఉండాలి మరి. పొద్దుగూకాక ఇంట్లోకి వెళ్లుంటే మాత్రం వేరే కథ, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 62 ఒప్పుకోదు. ఎన్నింటికి వెళ్లాడు?

— పగలు పదకొండింటికి. బైకు వీధిలోనే ఉంది.